నర్సమ్మ ఊరి సివంగి

అమెరికా వచ్చాక కూడా కోటమ్మ పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు వెయ్యడం మానలేదు. ఇర్వింగ్‌లో ఆ అపార్ట్‌మెంట్లకి గుమ్మం అంటే ఏముంది గనక. మెట్లెక్కి పైకొస్తే ఎదురెదురుగా తలుపులు, మధ్యలో సిమెంటు వసారా. పేడ లేదు, కళ్ళాపి లేదు. చెంబుడు నీళ్ళు చిలకరించి, బియ్యప్పిండి చిటికెల్లోకి తీసుకుని, చుక్కలు పెట్టి నాలుగు గీతలు కలిపితే గాని ఆవిడకి కాఫీ గొంతు దిగేది కాదు. మేనేజరు చూస్తే ఏమంటాడోనని కూతురు విద్య మొదట్లో గొణిగింది. అన్నప్పుడు చూద్దాంలే అంది కోటమ్మ. ఆవిడ వచ్చింది కూతురికి పురుడు పొయ్యడానికి. మనవడు రాజ్ పుట్టాడు, బోర్లాపడ్డాడు, పాకాడు, అయినా తిరిగి వెళ్ళడం పడలేదు. విద్యకి బ్యాంకులో ఉద్యోగం, అల్లుడు దామోదర్‌కి టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం. పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?

ఎదురు తలుపులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. చూడ్డానికి తెల్లవాళ్ళలాగే ఉండేది గాని, వాళ్ళలా దారినపోయే ప్రతివాళ్ళకీ నవ్వు విసిరేసి పోయే రకం కాదు. నల్ల గౌను, మడమల దగ్గర అరిగిపోయిన చెప్పులు, తల వెనక చిన్న ముడి. ఒకనాడు చెత్తసంచి పట్టుకుని బయటికొచ్చి, ముగ్గు చూసి ఆగిపోయింది. అందరూ తొక్కుకుంటూ పోయే ముగ్గు అది. పోస్టు తెచ్చే మనిషి తొక్కుతాడు, పై వాటా కుర్రాళ్ళు తొక్కుతారు, ఆఖరికి దామోదర్ కూడా ఆఫీసు హడావిడిలో తొక్కుతాడు. ఈవిడ మాత్రం గోడకి వీపు ఆనించి, పక్కవాటుగా నడిచి, గీత చెరక్కుండా దాటిపోయింది. కోటమ్మ మనసు ఆ క్షణమే ఆవిడ మీదికి పోయింది.

కొన్నాళ్ళకి ఆవిడ కుర్చీ తెచ్చుకుని కూర్చుని చూడడం మొదలుపెట్టింది. మరికొన్నాళ్ళకి ఒకరోజు వంగి, అడగకుండానే గిన్నెలోంచి చిటికెడు పిండి తీసుకుని, ముగ్గు పక్కన ఒక వంకర గీత గీసింది.

“రివర్,” అంది.

అది ఒణ్యార్ అనే ఏరు. ఆ ఏరు పారే ఊరు జిరోనా. ఆ ఊరు స్పెయిన్ దేశంలో, ఫ్రాన్సు సరిహద్దుకి దగ్గరగా, కటలాన్ అనే భాష మాట్లాడే సీమలో ఉందట. ఇదంతా తర్వాత విద్య తీరిగ్గా కూర్చుని అడిగి చెబితే తెలిసింది. ముసలావిడ పేరు నర్సీసా. అది ఆ ఊరివాళ్ళు దేవుడిలా కొలిచే ఒక సాధువు పేరు, ఆ ఊళ్ళో ఇంటికొకరికి ఉంటుందట. కోటమ్మకి సొంత పినతల్లి పేరు నర్సమ్మ. అంతకన్నా ఏం కావాలి? ఆ పూటే నర్సమ్మా అని పిలిచేసింది, ఆవిడ పలికేసింది.

ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపడా ఇంగ్లీషు కాదు. కోటమ్మది టీవీ చూసి ఏరుకున్న ఇంగ్లీషు, నర్సమ్మది మెక్సికో మీదుగా వచ్చిన ఇంగ్లీషు. అయితేనేం, చేతులున్నాయి, కళ్ళున్నాయి, గిన్నెడు పిండి ఉంది. రోజుకో వీధి చొప్పున ఊరంతా ఆ సిమెంటు వసారా మీదికి దిగింది. ఏటి మీద ఇనప వంతెన. ప్యారిస్‌లో ఆకాశమంత ఇనప గోపురం కట్టినాయన కంపెనీయే దాన్నీ కట్టిందట, అంతకుముందు ఆ చోట చేపలమ్మేవాళ్ళుండేవారట. ఏటిలోకి వంగి చూస్తున్నట్టు రెండు పక్కలా ఇళ్ళు, వాటి కిటికీల్లో ఆరేసిన బట్టలు. వంతెన దాటితే అంగళ్ళ వీధి. ఒకప్పుడు ఆ వీధిలో మహమ్మారి వస్తే రెండువైపులా దారులు మూసేశారట. లోపల చిక్కుకున్న జనం దిగులుతో చచ్చిపోకుండా ఒక కుర్రాడు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య కర్ర కట్టి దానిమీద గిరికీలు కొట్టి నవ్వించేవాడట. ఇప్పటికీ వసంతకాలంలో అతని గుర్తుకి ఒక గుడ్డబొమ్మని అక్కడ వేలాడదీసి తిప్పుతారని చెప్పి, నర్సమ్మ నడుం పట్టుకుని తానూ ఒక గిర్రు తిరగబోయింది. కోటమ్మ పట్టుకోకపోతే పడేది.

కోటమ్మ చదివింది రెండో క్లాసు. అయితే ఒకసారి చెవిన పడింది చచ్చినా పోదు. సత్తెనపల్లిలో తన చిన్నప్పుడు ఏ పెళ్ళికి ఎవరు అలిగి వెళ్ళిపోయారో, ఏ కూరలో ఉప్పెక్కువైందో నిన్న జరిగినట్టు చెబుతుంది. ఆ బుర్రలోనే జిరోనా కూడా కాపురం పెట్టింది. నర్సమ్మ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో తడబడితే కోటమ్మే అందుకునేది. మీ దేవుడి సమాధిని ఫ్రాన్సు సైనికులు తవ్వబోతే అందులోంచి ఈగలు లేచాయన్నావు కదా, ఆ ఈగలు గుర్రాల్ని కుట్టాయా మనుషుల్ని కుట్టాయా అని అడిగేది. రెండింటినీ, దండు దండంతా చచ్చింది అని నర్సమ్మ గర్వంగా చెప్పేది, ఆ ఈగల్ని తనే పెంచినట్టు.

పెద్ద గుడి కథ కోటమ్మకి మరీ ఇష్టం. కొండంత మెట్ల మీద గుడి. లోపల హాలు మూడు భాగాలుగా కట్టాలా, ఒకే కప్పు కింద కట్టాలా అని తగువొస్తే దేశంలోని తాపీ మేస్త్రులందర్నీ పిలిపించి, ప్రమాణం చేయించి ఒక్కొక్కరినీ అడిగారట. ఒకే కప్పు నిలవదని ఎందరో అన్నా చివరికి ఒకటే కట్టారు, నిలిచింది. ఆ గుడి గోడకి ఒక రాతి మంత్రగత్తె ఉంది. ఊరేగింపు మీద రాళ్ళు విసిరితే దేవుడు రాయి చేసేశాడట. అప్పట్నించీ ఆమె నోట్లోంచి వానాకాలం నీళ్ళు తప్ప మరేమీ రావు.

“తిట్లు పోయి నీళ్ళొచ్చాయన్నమాట,” అంది కోటమ్మ. “మా ఆడపడుచుని కూడా తీసుకెళ్ళి పెట్టండి అక్కడ.”

నర్సమ్మకి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

అన్నీ నవ్వుకునే కథలు కావు. నెపోలియన్ సైన్యం నెలల తరబడి ఊరిని చుట్టుముడితే గుర్రాల్నీ, ఎలకల్నీ తిని బతికారు. ఆడవాళ్ళు జట్టు కట్టి దెబ్బలు తిన్నవాళ్ళని మోశారు. గుడి దిగువన ఇరుకు సందుల్లో యూదులుండేవారు. ఒక రాజు రాణి కలిసి వాళ్ళని దేశం వదిలి పొమ్మన్నారు. వాళ్ళ వీధులకి అడ్డంగా గోడలు లేచాయి. ద్వారబంధపు రాయిలో ప్రార్థన రాసి, చుట్టి పెట్టుకునే గాడి మాత్రం అక్కడక్కడా మిగిలిందట. చిన్నప్పుడు నర్సమ్మా, చెల్లెలూ బడినించి వస్తూ ఆ గాడిలో వేలు పెట్టి చూసేవారు. పోయినవాళ్ళు మళ్ళీ వచ్చారా అని కోటమ్మ అడిగింది. నర్సమ్మ లేదని తలూపి, వేలికంటిన పిండి గౌనుకి తుడుచుకుంది.

చివరికి ముగ్గులో ఒక్క చుక్క మిగిలింది. ఏటి ఒడ్డున, పిడుగుపడి కొన విరిగిన గోపురమున్న మరో గుడి ముందు. ఆ చుక్క సివంగి.

రాతి స్తంభాన్ని పట్టుకుని పైకి పాకుతున్న రాతి సివంగి అది. ఆ ఊరివాళ్ళు ఊరొదిలి వెళ్ళేటప్పుడు దాని వెనకభాగానికి ముద్దు పెట్టి వెళ్ళాలి. పెట్టినవాళ్ళు తప్పకుండా తిరిగొస్తారు. ఇది విని కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ముద్దు పెడితే మొహానికి పెట్టాలి గాని, అక్కడేమిటే నర్సమ్మా?”

“మొహం పైన ఉంటుంది. అందదు,” అంది నర్సమ్మ. “అది కూడా అందదు. ఎవరో ఒకరు ఎత్తాలి. కిమెత నన్ను ఎత్తేది, నేను కిమెతని ఎత్తేదాన్ని.”

కిమెత ఆవిడ చెల్లెలు.

ఆ రోజు నర్సమ్మ మిగతా కథ చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఆ దేశంలో అంతర్యుద్ధం. మొగుడు ఓడినవాళ్ళ వైపు. 1939లో, మంచి చలికాలంలో, గెలిచిన జనరల్ సైన్యం ఊరి పొలిమేరకి వచ్చింది. సరిహద్దు దాటకపోతే మొగుణ్ణి చంపేస్తారు. తండ్రి మంచంలో ఉన్నాడు, కిమెత ఆయన్ని వదిలి రానంది. మూట పట్టుకుని నడుస్తుంటే కిమెత వెంటపడి వచ్చి, స్తంభం దగ్గర వంగి, వీపు చూపించి, ఎక్కు, ముద్దు పెట్టి పో అంది. జనం తోసుకుంటున్నారు. మొగుడు ముందు పరిగెడుతున్నాడు. పండగలోపు వచ్చేస్తానే పిచ్చిదానా, దీనికి ముద్దెందుకు అని నర్సమ్మ ఆగకుండా పోయింది. తిరిగి చూస్తే కిమెత ఇంకా వంగే ఉంది.

ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున ఇసకలో ముళ్ళకంచె వేసిన శిబిరం, అక్కణ్ణించి మెక్సికో, అక్కణ్ణించి టెక్సాస్. మొగుడు ఇటుక మీద ఇటుక పేర్చి పేర్చి పోయాడు. పిల్లలు పుట్టలేదు. అక్కడ జిరోనాలో అల్లుడు తప్పించుకున్నాడని తండ్రిని జైల్లో వేశారు. జైల్లోనే పోయాడాయన. ఆ తర్వాత కిమెత అక్క ఉత్తరాలకి పలకడం మానేసింది. జనరల్ చచ్చిపోయాక చాలామంది తిరిగి వెళ్ళారు. నర్సమ్మ వెళ్ళలేదు.

“కిమెత రమ్మనాలి. అనకుండా ఆ గడప ఎలా తొక్కను?”

ఇంకొకరికైతే అదేం పట్టుదల అనిపించేదేమో. కోటమ్మకి అనిపించలేదు. పిలుపు లేకుండా పుట్టింటికి ఎలా వెళ్ళడం? అమ్మానాన్నా లేని పుట్టింటికి, తోడబుట్టినది మొహం తిప్పుకున్న పుట్టింటికి అసలెలా వెళ్ళడం? ఒక్క మాట రావాలి. రా అని ఒక్క మాట. ఆ మాట వస్తే నర్సమ్మ కర్ర ఊతమీదైనా వెళ్తుంది. అది రాకుండానే పోతుందేమోనని ఆ మనిషి రోజూ కాస్త కాస్తగా ఎండిపోతోంది. కోటమ్మ కళ్ళతో చూస్తూనే ఉంది.

అలాంటి సమయంలో దామోదర్‌కి బార్సిలోనాలో ఆఫీసు పని పడింది. జిరోనా అక్కణ్ణించి రైల్లో దగ్గరేనట. కోటమ్మ అల్లుణ్ణి నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. ఆ రోజు అడిగింది. అతను ముందు నసిగాడు, మీటింగులున్నాయి, టైమ్ దొరకదు, పైగా భాష రాదు అన్నాడు.

“ఆదివారం మీటింగులుండవు కదా బాబూ. దారి నేను చెప్తాను.”

చెప్పడమేమిటి, వసారాలోకి తీసుకెళ్ళి ముగ్గు వేసి చూపించింది. రైలు దిగి ఏటివైపు నడవండి, ఇనప వంతెన దాటండి, గుడ్డబొమ్మ వీధి, యూదుల సందు, నాలుగు మెట్లెక్కితే ఎడమచేతి తలుపు. దామోదర్ నవ్వాడు. నవ్వుతూనే అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. నర్సమ్మ తన గుమ్మంలో నిలబడి, గోడ పట్టుకుని, ఆ నడకనే చూస్తోంది. అతను బయల్దేరేనాడు చెయ్యి పట్టుకుని ఒకటే అంది. కిమెత తిట్టినా సరే, ఆ తిట్లే తెచ్చిపెట్టు, కాని రమ్మంటుందేమో అడుగు.

అతను అక్టోబరు చివర్లో తిరిగొచ్చాడు. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.

“మీ ముగ్గు ప్రకారమే నడిచాను అత్తయ్యా. ఒక్కరిని కూడా దారి అడగలేదు. ఇల్లు దొరికింది. ఆవిడే లేదు.”

కిమెత కిందటి చలికాలమే పోయింది. న్యుమోనియా. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిగానే ఉండేదట. ఇప్పుడా ఇంట్లో కొత్తగా పెళ్ళైన జంట ఉంటున్నారు. పై అంతస్తులో ఒక ముసలాయనకి కాస్త ఇంగ్లీషు వస్తే ఆయన్ని అడిగాడు. అమెరికాలో ఉన్న అక్క గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నదా అని. ఆయన ఆశ్చర్యపోయాడట. ముప్ఫయ్యేళ్ళు పైనా కిందా ఉన్నాం, ఆవిడకో అక్క ఉందని నాకు తెలియనే తెలియదు అన్నాడట.

విద్య పొయ్యి ఆపేసింది.

“అమ్మా, ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్,” అంది విద్య. “ఇక్కడ నానబెట్టరు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, స్ట్రెయిట్‌గా చెప్పేస్తారు.”

“గొడ్డలితో కొట్టినట్టా?”

కోటమ్మకి తెలిసిన పద్ధతి వేరు. ఆవిడ పెరిగిన చోట చావు కబురు చావు కబురులా చెప్పరు. తన తండ్రి పోయినప్పుడు వచ్చిన టెలిగ్రాములో నాన్నకి సీరియస్, వెంటనే బయల్దేరు అని ఉంది. చదివినాయనకీ తెలుసు, విన్న కోటమ్మకీ తెలుసు, బస్సులో పక్కన కూర్చున్న మనిషికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. అత్తవారి బాపట్ల నుంచి సత్తెనపల్లి దాకా ఆ దారంతా ఆవిడకి దక్కింది. వీధి మలుపు తిరిగేసరికి గుండె కాస్త గట్టిపడింది. లేకపోతే గుమ్మంలోనే కూలిపోయేది. ముందు ఒంట్లో బాగాలేదంటారు, తర్వాత సీరియస్ అంటారు, ఆ తర్వాత ఏమీ అనక్కర్లేదు. అలా దించుతారు మనిషిని, మెట్టు మెట్టుగా, చెయ్యి పట్టుకుని. పోయినవాళ్ళు చివరిదాకా నీ పేరే తలుచుకున్నారని కూడా అంటారు. అది నిజమా అని ఎవరూ అడగరు.

ఆ సాయంత్రం కోటమ్మ నర్సమ్మ ఇంటికి వెళ్ళింది. సోఫాలో పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

“కిమెతకి ఒంట్లో బాగాలేదు నర్సమ్మా. సీరియస్,” అంది. ఆ ఇంగ్లీషు ముక్క ఒకటికి రెండుసార్లు అంది, తప్పు పోకూడదని.

అని, ఏడుపు కోసం కాచుకుంది. ఏడిస్తే గుండెకి హత్తుకుందామని కొంగు సర్దుకుంది కూడా.

నర్సమ్మ ఏడవలేదు. నిటారుగా కూర్చుంది. ఆస్పత్రిలో ఉందా ఇంట్లో ఉందా అని అడిగింది. ఇంట్లోనే అంది కోటమ్మ. మాట్లాడుతోందా అని అడిగింది. కొంచెం కొంచెం అంది కోటమ్మ. ఆపైన నర్సమ్మ ఆవిడ కళ్ళల్లోకి చూసి, ఆ ఒక్క మాటా అడిగింది.

“రమ్మందా?”

తెలిసే అడుగుతోందనుకుంది కోటమ్మ. చావింట్లో ఎవరైనా అలాగే అడుగుతారు, ఆ ఒక్క ఊరట కోసం. లేదంటే అంతకన్నా పాపం ఉంటుందా?

“అంది. నీ పేరే తలుచుకుంటోంది. రమ్మంది.”

నర్సమ్మ మొహం వెలిగింది. అన్నాళ్ళుగా ఆ మొహంలో అంత వెలుగు ఉంటుందని కోటమ్మ ఎరగదు. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు తిప్పి నిలబడింది.

“అయితే ఇంకా టైమ్ ఉంది,” అంది.

అప్పుడు తెలిసింది కోటమ్మకి. సీరియస్ అంటే ఈ మనిషి సీరియస్ అనే అనుకుంది. వాళ్ళ ఊళ్ళో ఆ మాటకి ఆ అర్థమొక్కటే. రేపు చెప్పాల్సిన మాట రేపు చెబుదాం, కాస్త నెమ్మదిగా దించుదాం అనుకుంటూ ఇంటికొచ్చి పడుకుంది గాని నిద్ర ఎక్కడిది. తెల్లారి ముగ్గు గిన్నెతో వెళ్ళి తలుపు కొడితే పలకలేదు. మధ్యాహ్నానికి నర్సమ్మ టాక్సీ దిగింది, చేతిలో విమానం టికెట్టు.

విద్య అగ్గిమీద గుగ్గిలమైంది. ఇప్పుడే వెళ్ళి చెప్పకపోతే తనే వెళ్ళి చెబుతానంది. నేను మొదలుపెట్టింది, నా నోటితో చెప్పనీ అంది కోటమ్మ. రాజ్ తలమీద చెయ్యివేసి, నువ్వు చెప్పనని ఒట్టు పెట్టు అని కూతురి చేత ఒట్టు వేయించుకుంది. దామోదర్ తల వంచుకుని టీవీ చూస్తున్నట్టు కూర్చున్నాడు. అక్కణ్ణించే తను ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది అని ఒకసారి మెల్లిగా అన్నాడు.

కోటమ్మ వెళ్ళింది, చెప్పడానికే వెళ్ళింది. నర్సమ్మ వంటింట్లో ఉంది. జిరోనాలో దొరికే మిఠాయి చేస్తోంది. పిండి చుట్టి, లోపల పాలమీగడలాంటి తీపి పెట్టి, నూనెలో వేయించి, పైన పంచదార అద్దుతారు. కిమెతకి ప్రాణమట. ఇన్నేళ్ళలో చేతికి అలవాటు తప్పిందేమో, ముందు నువ్వు తిని చెప్పు అని వేడివేడిది తుంచి కోటమ్మ నోట్లో పెట్టింది. తీపి నోట్లో ఉండగా ఆ కబురు ఎలా అనడం? మింగి చెబుదామనుకుంది. మింగేసరికి నర్సమ్మ గులాబిరంగు కాగితంలో మిగతావి చుడుతూ చిన్నపిల్లలా పాడుకుంటోంది.

మర్నాడూ వెళ్ళింది. ఆ రోజు నర్సమ్మ వసారాలో ముగ్గు ఊరి మీద వేలుపెట్టి నడిచి చూసుకుంటోంది. ముందు సివంగి దగ్గరికి వెళ్తుందట. ఈసారి కిమెతనీ తీసుకెళ్తుందట. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అయినా తీసుకెళ్తాను, ముసలాళ్ళం ఒకర్నొకరం ఎత్తుకోలేం గనక దారిన పోయే కుర్రాడెవణ్ణైనా బతిమాలుకుంటాం అంది. ఆ ముద్దు ఇన్నేళ్ళ నుంచీ ఆగి ఉంది కదా. మళ్ళీ ఊరొదిలి నీ దగ్గరికి రావాలన్నా పెట్టక తప్పదు కదా అని కోటమ్మ బుగ్గ గిల్లింది.

ఎయిర్‌పోర్టులో చెప్పేస్తాను అంది కోటమ్మ ఇంటికొచ్చి. విద్య తల్లివైపు చూడలేదు.

ఎయిర్‌పోర్టు ఎంతో దూరం కాదు. ఆ అపార్ట్‌మెంట్ల మీదుగానే విమానాలు దిగుతాయి. కారులో నర్సమ్మ ఒక్కతే మాట్లాడింది. బూడిదరంగు కోటు వేసుకుంది, తలకి కోటమ్మ దగ్గర అడిగి తీసుకున్న కొబ్బరినూనె రాసుకుంది. గేటు దాకా అందరూ వెళ్ళారు. విద్య పిల్లాణ్ణెత్తుకుని దూరంగా నిలబడి తల్లివైపు చూసింది. ఇదే సమయం. కోటమ్మ నోరు తెరిచింది.

ప్రయాణమయ్యే మనిషి ముందు చావు మాట ఎత్తడమా? గడప దాటేవాళ్ళని ఎక్కడికి అని కూడా అడగని ఇంట్లో పుట్టింది ఆవిడ. తెరిచిన నోరు మూసేసుకుంది. ఈలోగా నర్సమ్మ ఆవిడ రెండు భుజాలూ పట్టుకుంది. ఊరికెళ్ళేటప్పుడు మేం పోతానని అనం, ఇలా అంటాం అని కోటమ్మే ఎప్పుడో నేర్పిన మాట, విరిచి విరిచి, పూర్తిగా అంది.

“వెళ్ళొస్తాను.”

కోటమ్మ తలూపింది.

ఫోను వచ్చేసరికి ఇంట్లో ఆవిడా, పిల్లాడే ఉన్నారు. పొద్దెక్కి ఇల్లంతా ఎండ పడుతోంది. మామూలుగా కోటమ్మ ఫోను ఎత్తదు. ఆ రోజు మోగుతూనే ఉంటే ఎత్తింది. అవతల గాలి, పబ్లిక్ ఫోనులో బిళ్ళలు పడుతున్న చప్పుడు, వాటి మధ్య నర్సమ్మ గొంతు. అరవడం లేదు, ఏడవడం లేదు.

తలుపు కొట్టానంది. ఎవరో కొత్తపెళ్ళికూతురులాంటి పిల్ల, చేతులు తడి, గిన్నెలు కడుగుతున్నట్టుంది, వచ్చి సగం తలుపు తీసిందట. కిమెత ఏది అని అడిగితే, ఆవిడ చచ్చిపోయింది కదా, ఏడాది కావస్తోంది అని అక్కడే, గడపలోనే చెప్పేసిందట. మిఠాయి పొట్లం ఆ పిల్ల చేతిలోనే పెట్టి వచ్చేశానంది.

“నీకు తెలుసా, కోటమ్మా?”

“తెలుసు.”

“రమ్మందా?”

ఇంకో అబద్ధమాడదామని మనసుకి వచ్చింది. పోయేముందు అందట అనొచ్చు, ఎవరో చెప్పారు అనొచ్చు. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎన్ని అబద్ధాలు పరిచినా ఆ మనిషి నడిచి రావడానికి ఇక చోటు లేదని కోటమ్మకి అర్థమైంది.

“లేదు,” అంది.

“నా గురించి ఏమైనా అందా?”

“లేదు నర్సమ్మా. ఏమీ అనలేదు.”

బిళ్ళ ఒకటి పడింది. మళ్ళీ గొంతు వినిపించింది. ఏటి పక్క కొన్ని ఇళ్ళకి కొత్తగా రంగులు వేస్తున్నారు, పసుపూ, ఎరుపూ, ఏది ఎవరి కిటికీయో పోల్చుకోలేకపోయాను అంది. సివంగి దగ్గరికి వెళ్ళావా అని కోటమ్మ అడిగింది. ఎందుకడిగిందో ఆవిడకే తెలియదు.

“వెళ్ళాను. అక్కడే ఉంది.”

“ముద్దు పెట్టావా?”

“ఎత్తేవాళ్ళు ఎవరున్నారు?”

“ఎవరినైనా అడగవే. దారిన పోయే కుర్రాణ్ణి అడుగుతానన్నావు కదా. ముద్దు పెట్టి వచ్చెయ్.”

“ఎక్కడికి?”

“ఇంటికి.”

“ఎవరింటికి?” అంది నర్సమ్మ.

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది. ఆ తర్వాత లైను ఎప్పుడు తెగిందో, ఆ గుయ్యిమనే చప్పుడు వింటూ కోటమ్మ అలా ఎంతసేపు నిలబడిందో. రాజ్ వచ్చి చీర పట్టుకుని లాగితే అప్పుడు పెట్టేసింది.

మళ్ళీ ఫోను రాలేదు. ఆవిడ అక్కడే ఉండిపోయిందో, ఏ గదిలో ఉందో, తిందో లేదో, ఎవరిని అడగాలి? దామోదర్ ఆఫీసు నుంచి బార్సిలోనాకి ఫోన్లు చేయించాడు, ఏమీ తెలియలేదు. నర్సమ్మ ఇచ్చి వెళ్ళిన తాళంచెవితో కోటమ్మ రోజూ తలుపు తీసి కుండీలో ఎర్రపూల మొక్కకి నీళ్ళు పోసి వచ్చేది. చలికాలం గడిచింది. ఒకనాడు మేనేజరు వచ్చి తాళంచెవి అడిగాడు. ఆవిడ ఇక రాదట, సామాను చర్చికి ఇచ్చెయ్యమని కబురు చేసిందట. మాకేమైనా కబురు చెప్పిందా అని విద్య అడిగింది. అతను కాగితాలు తిప్పి చూసి, లేదన్నాడు.

కోటమ్మ తాళంచెవి ఇచ్చేసింది. మొక్క తెచ్చుకుంటానంటే సరేనన్నాడు. టెక్సాస్ ఎండకి అది కూడా వేసవి దాటలేదు.

విద్య ఎప్పుడో ఒకసారి అంది, మంచికే చేశావమ్మా, నీకేం తెలుసు అని. తల్లిని ఓదార్చడానికి అన్నదే. మంచికి చేసిందే కావొచ్చు. ముగ్గురికి తెలిసిన చావు ఆ నాలుగో మనిషికి గడపలో తెలిసింది. మెట్టు మెట్టుగా దించుతానని చెయ్యి పట్టుకున్న మనిషే చివరి మెట్టు దగ్గర చెయ్యి వదిలేసింది. గొడ్డలితో కొట్టినా బాగుండేది. ఇక్కడే, ఈ సోఫాలో, ఈ గుండె మీద పడి ఏడ్చేది.

ఎదురింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. ఇద్దరు కుర్రాళ్ళు, మంచివాళ్ళే, హాయ్ గ్రాండ్‌మా అంటూ ముగ్గు మీదుగానే పోతారు. వాళ్ళకేం తెలుసు? కోటమ్మ పొద్దున్నే చుక్కలు పెడుతుంది. ఏరు గీస్తుంది, వంతెన, బొమ్మ వీధి, యూదుల సందు, గుడి మెట్లు. ఆ ఊళ్ళో ఆవిడకి తెలియని మలుపు లేదు, తను చూడబోయేదీ లేదు. సివంగి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. పిండి వేళ్ళసందుల్లోంచి జారిపోతుంది. ఆ చుక్క వదిలేసి లేస్తుంది.

అయినా గోడవారగా మాత్రం ఎప్పుడూ ముగ్గు పెట్టదు. ఒక మనిషి వీపు ఆనించి, తొక్కకుండా దాటి వచ్చేంత జాగా ఉంచుతుంది.